లప్పం

మా చెల్లె పెండ్లి ఆల్బంలో నాలుగో ఫొటో. పెండ్లిపిల్లను చేసిన నాటిది. పీట మీద చెల్లె, ముఖం నిండా పసుపు. చుట్టూ మేనత్తలు. ఓ వారకు తెల్ల రుమాలు చుట్టుకొని, ఫొటోగ్రాఫర్ చెప్పినట్టు చేతులు దించుకొని నిలబడ్డ మా బాపు. వీళ్లందరి తలల పైన, ఇంటి కప్పులో, చాటంత బూడిదరంగు మచ్చ. మామిడి తోరణం దాని మీదుగా కట్టి కనబడకుండా చేద్దామనుకున్నాం గానీ దారం సాగి తోరణం పక్కకు జరిగింది. ఆల్బం తిరగేసేవాళ్లు చెల్లెను చూస్తారు, అవ్వ కట్టుకున్న పట్టుచీరను చూస్తారు. నా చూపు మచ్చ మీదికి పోతుంది. ఆ గదికి లప్పం పెట్టింది నేను, రంగేసింది నేను.

రంగు లేతాకుపచ్చ అని నాకు బాగా గుర్తు. డబ్బా మూత లేపినప్పటి వాసన కూడా గుర్తే. ఫొటోలో గోడలు మాత్రం లేత నీలంగా ఉన్నాయి. ఫొటో వెలిసిందో, నా గుర్తే వెలిసిందో.

1989లో ఇంటర్ తప్పాను. గోదావరిఖనిలో అప్పుడు ఇంటర్ తప్పిన పిల్లగాడి ముందు ఉన్నవి రెండే: బాపు నౌకరీ కోసం కాచుకొని కూర్చోవడం, లేకుంటే పాస్‌పోర్టు తీసుకొని దుబాయో మస్కటో పోవడం. బాపు నౌకరీ మా అన్నకేనని ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనాల్సిన పని లేదు. పాస్‌పోర్టుకు పైసల్లేవు. అందుకని నేను మస్కట్ పోకుండా, మస్కట్ పోయొచ్చిన మేస్త్రీ దగ్గర చేరాను. ఆయనది సుల్తానాబాద్ దిక్కు ఊరు. ఏడేండ్లు మస్కట్ బంగళాల గోడలు నున్నగ చేసి వచ్చాడు. లప్పాన్ని ఖుషీగా ఉన్నప్పుడు లప్పం అనేవాడు, మమ్మల్ని తిట్టేటప్పుడు 'స్టుక్కో' అనేవాడు. ఆ మాటకు అర్థం తెలియక, అది అరబ్బీ తిట్టేమో అనుకున్నాను చాలా రోజులు.

గోడంటే నాకు అప్పటిదాకా తెలిసింది సున్నం. చిన్నప్పుడు ఎయిటింక్లైన్ కాలనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ బొగ్గుపొయ్యి. పిడక ముక్కలేసి ముట్టించి, పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాక లోపలికి మోసుకుపోయేవాళ్లు. వానపడితే ఆ ఓపిక ఉండదు కదా, పొగ లోపలే. మా వంటింటి గోడ పొయ్యి నుంచి కప్పు దాకా గొంగడి ఆరేసినట్టు నల్లగా ఉండేది. దసరా ముందు అవ్వ సున్నంరాళ్లు తెచ్చి పాత కుండలో నీళ్లు పోస్తే అది బుసకొడుతూ ఉడికేది. 'కండ్లు పోతయ్, దూరం జరుగుండ్రి' అని మమ్మల్ని తరిమేది. రెండు మూడు రోజులు నాననిచ్చి, పాత చీరగుడ్డలో వడపోసి, గంజి కలిపి, ఇంత నీలిమందు వేసేది. నార కుంచెతో పూస్తుంటే గోడ తడిగా, మురికిగా కనిపిస్తుంది. ఆరుతున్నకొద్దీ తెల్లబడుతుంది. ఆ తెల్లబడటం చూస్తూ కూర్చోవడం నాకు సినిమా. బతుకమ్మ నాటికి తెల్లగా ఉన్న గోడ, దీపావళికల్లా చాయ్ ఒలికినట్టు పసుపు మరకలు తేలేది. అవ్వ మళ్లీ పూసేది. మళ్లీ తేలేది. మసి సున్నం కంటే మొండిదని అనేది.

మసి ఎందుకు తేలుతుందో మేస్త్రీ దగ్గర చేరాకే తెలిసింది. నీళ్లతో కలిపింది ఏది పూసినా మసి దాంట్లో కరిగి పైకి వస్తుంది. ముందు చాకలిసోడా కలిపిన వేడినీళ్లతో గోడను కడగాలి, మంచినీళ్లతో మళ్లీ కడగాలి, ఆరనివ్వాలి, అప్పుడు ఆయిల్ ప్రైమర్ ఒక చెయ్యి కొట్టి ఆ మసిని లోపలే బంధించాలి. అవ్వకు చెప్తే 'సోడా నాకు తెల్వదా, బట్టలకేస్త గద' అంది. తెలిసినదే, గోడకు వేయొచ్చని తోచలేదంతే.

మొదటి ఆరునెలలు నాకు లప్పం పెట్టే రేకు ఇవ్వలేదు. గీకుడే పని. సున్నం మీద లప్పం నిలవదు. సున్నం పొరలు పట్టుకొని ఉంటాయి గానీ గోడను పట్టుకొని ఉండవు. మనం పైన ఎంత బరువు పెడితే అంత తొందరగా పెచ్చులై ఊడతాయి. అందుకని గచ్చు తగిలేదాకా గీకాలి. పాత క్వార్టర్ గోడ గీకుతుంటే తెలుపు కింద నీలం, నీలం కింద తెలుపు, దాని కింద గులాబీ. గులాబీ తగిలితే మేస్త్రీ 'ఇక్కడ లగ్గమైంది' అనేవాడు. అన్నిటి కింద మసి. గోడకు లోపలి ముఖం అది. బయటి ముఖం సంగతి వేరు. రాత్రికి రాత్రి ఎర్ర అక్షరాలు లేచేవి. తెల్లారేసరికి వాటి మీద సున్నం పడేది. వానలకు సున్నం కడుక్కుపోయి, అక్షరాలు సగం సగం బయటపడేవి. ఎవరు రాశారు, ఎవరు తుడిచారు అని అడిగే రోజులు కావవి. ఒకసారి నేను బయటి గోడ గీకబోతే ఆ ఇంటాయన పరుగెత్తుకొచ్చి, 'అది ముట్టకు తమ్మీ, ఎట్లున్నది అట్లుండనీ' అన్నాడు. ఆయన ముఖం మరిచిపోయాను. గొంతు గుర్తుంది.

అప్పుడు లప్పం సంచుల్లో రాలేదు. సుద్దపొడిలో అవిసెనూనె, ఇంత ఎనామిల్ పోసి జొన్నరొట్టె పిండిలా పిసికేవాళ్లం. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా ఆ నూనె వాసన చేతిని వదలదు. అన్నంలో కూడా అదే. తర్వాత తెల్లసిమెంటు పుట్టీ వచ్చాక వాసన బాధ తీరింది, తొందర మొదలైంది. నీళ్లలో పొడి పోసి కలిపి, పది నిమిషాలు ఆగి, మళ్లీ కలిపి, గట్టిపడేలోపు ఖాళీ చేయాలి. ఏ లప్పమైనా సూత్రం ఒకటే. మందంగా ఒకసారి పెట్టేవాడికి మేస్త్రీ చేతిలో మూడినట్టే. పలచగా రెండుసార్లు. మొదటిది కింది నుంచి పైకి, రెండోది అడ్డంగా, మొదటి దాని గాడులు రెండోది నింపేట్టు. ఆరాక ఉప్పుకాగితం. ముందు 120 నంబరు, తర్వాత 180, ఆఖరుకు 320. నంబరు పెరిగిన కొద్దీ కాగితం మెత్తన. ఒట్టి చేత్తో రుద్దితే వేళ్ల వెంట గుంటలు పడతాయి, చెక్కముక్కకు చుట్టి రుద్దాలి. రుద్దాక పొడి తుడవకుండా ప్రైమర్ కొట్టిన ఒకణ్ణి మేస్త్రీ నిచ్చెన మీద నుంచి దింపి నేరుగా ఇంటికి పంపించేశాడు. ఆ ఒకణ్ణి నేనే. ఇన్నేళ్లూ వేరేవాడి కథగా చెప్పుకుంటూ వచ్చాను.

ఆ పొడి! సాయంత్రానికి కనుబొమ్మలు, ముక్కు వెంట్రుకలు అన్నీ తెల్లగా. బాపు మొదటి షిఫ్టు నుంచి నల్లగా వచ్చేవాడు. ఇద్దరి బట్టలూ ఒకే బకెట్లో వేయాల్సి వచ్చినప్పుడు అవ్వ ఇద్దర్నీ కలిపి తిట్టేది. తమ బొగ్గుబాయిలో కూడా తెల్లపొడి చల్లుతారని బాపు ఒకసారి చెప్పాడు. సున్నపురాతి పొడి, బొగ్గుధూళి అంటుకొని పేలకుండా. 'తడిగుడ్డ కట్టుకోరా ముక్కుకు' అని ఆ మాట చివర చేర్చాడు. నేను కట్టుకోలేదు. సినిమా హీరోకు పొడి అంటదు కదా.

నునుపు అంటే ఏమిటో చూపిస్తానని మేస్త్రీ ఒకసారి మమ్మల్ని మంథని తీసుకుపోయాడు. పాత ఇల్లు, దర్వాజా నాకంటే ఎత్తు. నడవలో ఒక గోడకు డంగుసున్నం. బెల్లంనీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి సున్నాన్ని గానుగలో నూరి, గోడకు పెట్టి, నున్నటి రాయితో గంటల తరబడి రుద్దుతారట. చెయ్యి పెడితే చల్లగా, కోడిగుడ్డు పెంకులా ఉంది. ఇంటివాళ్లు దానికి ప్లాస్టిక్ పెయింట్ వేయమన్నారు. మేస్త్రీ మిగతా గదులన్నిటికీ ఒప్పుకొని ఆ గోడకు మాత్రం ఒప్పుకోలేదు. పని పోతుందేమోనని నేను భయపడ్డాను. పోలేదు. ఆ గోడ ఇప్పుడుందో లేదో నాకు తెలియదు. మళ్లీ ఆ దారిన పోయినా ఇల్లు గుర్తుపట్టలేను.

ఇక బల్బు సంగతి. రుద్దుడు అయిపోయాక మేస్త్రీ చీకటి పడేదాకా ఆగి, 100 వాట్ల బల్బును తీగకు వేలాడదీసి, గోడకు ఆనించినంత దగ్గరగా పక్క నుంచి పట్టేవాడు. పగలు అద్దంలా కనిపించిన గోడ ఒక్కసారిగా చెరువై అలలెత్తేది. ప్రతి గుంటకూ ఒక నీడ. ఆ నీడల చుట్టూ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి, పొద్దున వాటికే మళ్లీ లప్పం. మొదటిసారి అది చూసి నాకు నిద్రపట్టలేదు. ఇంటికొచ్చి బాపుకు చెప్పాను, నేనే కనిపెట్టినట్టు.

బాపు బాయిలో టింబర్‌మన్. కప్పుకు దుంగలు పెట్టి నిలబెట్టే పని. నా మాట విని ఏమీ ఆశ్చర్యపోలేదు. 'టోపీ లైటు బండకు ఎదురుంగ కొడ్తె ఏం కనవడదురా. వార నుంచి కొట్టాలె. పగులుకు నీడ పడ్తది' అన్నాడు. కాసేపాగి, 'సూసుడు సగమే. కొట్టి ఇనాలె' అన్నాడు. గట్టి బండ కర్ర తగిలితే టంగుమంటుందట. విడిచిన బండ బొద్దుమంటుందట. రెండూ మంచంకోడు మీద గోటితో కొట్టి చూపించాడు. నేను వినలేదు. గోడల నునుపు గురించి దుంగలు మోసేవాడికేం తెలుసని అనుకున్నాను. ఇరవై ఏండ్లవాడి తల ఎట్లుంటుందో ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లల్ని చూస్తే గుర్తొస్తుంది.

చెల్లె లగ్గం 1994 ఎండాకాలంలో. అప్పటికి సొంతింటికి మారాం. బాపు పీఎఫ్ లోను తీసుకొని, సెలవు దొరికినప్పుడల్లా తానే తాపీవాళ్ల వెంట ఉండి కట్టించిన ఇల్లు. ముందు గది కప్పులో ఒక మూల రెండు వానాకాలాల నుంచి చెమ్మ దిగేది. సన్నగా వెంట్రుకంత పగులు. పైన స్లాబు మీద ఏదో పూశాక చెమ్మ ఆగింది, పగులు ఉండిపోయింది.

ఎనిమిది రోజులు పని మానుకొని ఆ గది పట్టుకున్నాను. ముందు కప్పు, తర్వాత గోడలు. కప్పు గీకుతుంటే ఆ మూలకు వచ్చేసరికి రేకు చప్పుడు మారింది. అది నేను విన్నాను. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. చప్పుడు మారిందని తెలుసు, దానికి అర్థం తెలుసు, ఏం చేయాలో కూడా తెలుసు. ఆ ముక్క కొట్టేసి, కొత్తగా ప్లాస్టరింగ్ చేసి, వారం రోజులు నీళ్లు కొట్టి, ఆ తర్వాత నెలైనా ఎండనివ్వాలి. నెల ఎక్కడుంది? పగులు మీద ఆస్పత్రి గాజుగుడ్డ అతికించి, పలచగా నాలుగు చేతులు లప్పం పెట్టాను. రుద్దాను. ప్రైమర్, మీద రంగు రెండు చేతులు. రంగును గుడ్డలో వడపోశాను. బల్బు పెట్టి చూశాను. ఒక్క నీడ లేదు. వచ్చిన చుట్టాలు గోడను చెంపతో తాకి చూశారు. ఒక మేనత్త, 'దుబాయ్ షేక్ ఇల్లులెక్కున్నది' అంది. నేను ఎక్కిన ఎత్తుకు కొలత లేదు.

బాపు రెండో షిఫ్టు దిగి పదకొండు దాటాక వచ్చాడు. అన్నం తిన్నాడు. నేను వాకిట్లో పండుకొని ఉన్నాను, మెలకువగానే. గదిలోకి పోయాడు. ఏమైనా అంటాడేమోనని చెవులు అటే. మాట రాలేదు, చప్పుడు వచ్చింది. దండెం కర్రతో కప్పును కొడుతున్నాడు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, జానెడు జానెడు జరుగుతూ. టక్, టక్, టక్. నాకు ఒళ్లు చల్లబడింది. ఆ మూలకు చేరింది. బొద్దుమంది. ఆగాడు. మళ్లీ కొట్టాడు.

బయటికొచ్చి నా మంచం పక్కన నిలబడి, 'గీ కింద ఎవ్వలు పండుకుంటరు రేపు?' అన్నాడు.

'చుట్టాలు' అన్నాను.

పొద్దున లేచేసరికి సబ్బల పట్టుకొని ఉన్నాడు. గదిలో సామాను అవతలికి జరిపి, తాను పక్కకు నిలబడి, ఒడుపుగా రెండు పోట్లు. బాయిలో దీన్ని డ్రెస్సింగ్ అంటారు. చాటంత పెచ్చు దభీమని కిందపడింది. లోపల తుప్పుపట్టిన సలాక, పెచ్చు అంచున పాల మీద మీగడలా నా లప్పం. గదంతా తెల్లటి పొడి. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

అప్పుడు నేనేమన్నాను? చెల్లె చెప్పేదాని ప్రకారం 'ఇది ఇల్లు, నీ బాయి కాదు' అని అరిచానట. అన్న చెప్పేది వేరు, నేను ఒక్క మాట అనకుండా చెప్పులేసుకొని వెళ్లిపోయానని. అవ్వ ఉన్నన్నాళ్లు ఈ ముచ్చట ఎత్తనీయలేదు. నాకు గుర్తున్నది పొడి మాత్రమే, కిటికీ ఎండలో తేలుతూ.

మేస్త్రీ వచ్చాడు. సలాకను తీగ బ్రష్షుతో రుద్ది, సిమెంటు పాలు పూసి, ప్లాస్టరింగ్ పెట్టాడు. 'పచ్చి సిమెంటు మీద లప్పం పెట్టకు, పొక్కుతది. లగ్గమైనంక జూద్దాం' అన్నాడు. అందుకే ఫొటోలో మచ్చ. నిచ్చెన దిగుతూ, నా వైపు చూడకుండా అడిగాడు: 'గీకేటప్పుడు చప్పుడు రాలేదారా?'

'రాలేదన్నా' అన్నాను.

బాపుతో వానలు పడేదాకా మాట్లాడలేదు. ఆయన మాట్లాడుతూనే ఉండేవాడు. తిన్నవా, బీడీలు తేపో, ఇట్లాంటివే. జవాబు ఇవ్వనిది నేను.

ఆ తర్వాత నేనూ మేస్త్రీనయ్యాను. 1999లో ఎరువుల ఫ్యాక్టరీ మూతపడి రామగుండంలో ఆ కాలనీ ఖాళీ అవుతుంటే, పోయేవాళ్లు అమ్ముకున్న తలుపులు, ఫ్యాన్లు మా వాళ్లు కొనుక్కొచ్చేవాళ్లు. మనుషులు లేని ఇండ్ల గోడలు ఎంత తొందరగా పొక్కుతాయో అప్పుడు చూశాను.

2003 జూన్ 16. ఎయిటింక్లైన్ కాలనీలో ఒక కార్మికుడి ఇంట్లో కప్పుకు ఆఖరు చెయ్యి రోలర్ తిప్పుతున్నాను. కప్పు పని మొదలుపెడితే మధ్యలో దిగకూడదు. ఫ్యాన్ బంద్ పెట్టి, తడి అంచు ఆరకముందే పక్క పట్టీ కలుపుకుంటూ కిటికీ దిక్కు పోవాలి. ఆగితే అతుకు గీత పడుతుంది, ఎన్ని చేతులు కొట్టినా పోదు. సగం అయింది. బయట ఎవరో అరుస్తూ పోయారు. ఏడో ఎల్ఈపీ బాయిలోకి నీళ్లొచ్చాయని. ఇంటావిడ చేతిలో గరిటె అట్లాగే ఉంది, వీధిలోకి పరుగెత్తింది. నేనూ దిగాను. పదిహేడు మంది పోయారు. ఆమె భర్త వేరే బాయి, క్షేమంగా వచ్చాడు. కప్పు మీద మాత్రం గీత ఉండిపోయింది. పైసలొద్దు, మళ్లీ వేస్తానన్నాను. 'ఉండనీ అన్నా' అంది.

బాపు అప్పటికే రిటైరయ్యాడు. ఆ రోజంతా బాయి దగ్గర జనంలో నిలబడి చీకటిపడ్డాక వచ్చాడు. మంచంలో వెల్లకిలా పండుకున్నాడు. చాలాసేపటికి, 'బండ చెప్తది. నీళ్లు చెప్పవురా' అన్నాడు. నాతో అన్నాడో, కప్పుతో అన్నాడో.

2009లో బాపు పోయాడు. 2016 అక్టోబరు 11న పెద్దపల్లి జిల్లా అయింది, టౌనులో కొత్త ఇండ్లు లేచాయి, నా పని గోదావరిఖని నుంచి అటు జరిగింది. ఇప్పుడు పిల్లలు కరెంటు యంత్రంతో రుద్దుతారు, పొడిని అదే పీల్చుకుంటుంది. బల్బు బదులు ఎల్ఈడీ పట్టీ. పని బాగా చేస్తారు, మాకంటే బాగా. ఒక్కటే వాళ్లకు నవ్వులాట. ఏ ఇంట్లో అయినా లప్పం కలపకముందు నేను కర్ర పట్టుకొని కప్పంతా కొట్టుకుంటూ తిరుగుతాను. 'సారు ఎలుకల కోసం చూస్తుండు' అంటారు.

పోయినేడు చెల్లె బిడ్డ లగ్గం కుదిరింది. అవ్వ, బాపు కలిసున్న ఫొటో ఆల్బంలోని ఆ నాలుగోదొక్కటేనని, పెద్దది చేయించి పందిట్లో పెడతానంది చెల్లె. పెద్దపల్లిలో ఒక స్టూడియోకు ఇద్దరం పోయాం. ఇరవై ఏండ్ల పిల్లగాడు ఫొటోను కంప్యూటర్లోకి ఎక్కించి, తెర మీద పెద్దది చేశాడు. బాపు రుమాలు అంచు కనిపించింది, అవ్వ ముక్కుపుల్ల మెరిసింది. 'పైన ఈ మరక తీసేయాల్నా మేడం?' అన్నాడు. చెల్లె నా దిక్కు చూసింది. నేను నోరు తెరిచేలోపే మౌస్ రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. మచ్చ లేదు. కప్పు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే రంగు, ఒక్క అల లేదు. ముప్పై ఏండ్లు లప్పం పెట్టినవాణ్ణి, అంత నున్నటి కప్పు నా చేతిలో ఎన్నడూ తేలలేదు.

'మరకదెంత?' అని అడిగాను.

'దానికేం లేదంకుల్' అన్నాడు.